విదేశీ ఫిల్మ్ స్కూలుతో ఉమ్మడి కోర్సు: పీజీ విద్యార్థులకు కలిసి పనిచేయడం ఎలా నేర్పాలి?

నాగావళి (చర్చ ప్రారంభించినవారు)
జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక ఫిల్మ్ స్కూల్లో పీజీ విద్యార్థులకు నిర్మాణ విభాగం పాఠాలు చెబుతుంటాను. వచ్చే సెమిస్టరు నుంచి యూరప్‌లోని ఒక స్కూలుతో ఉమ్మడి కోర్సు నడపాలని మా పెద్దలు వెళ్లి సంతకాలు చేసి వచ్చారు. శాలువాలు కప్పుకున్నారు, ఫొటోలు దిగారు. పాఠం ఏమి చెప్పాలన్న సంగతి మాత్రం నా బల్ల మీదికి వచ్చింది.

మా వైపు 12 మంది, అటు 10 మంది. 16 వారాలు. చివరికి నాలుగు చిన్న సినిమాలు రావాలి. వాళ్లు రెండు వారాలు ఇక్కడికి వస్తారు. మా పిల్లలు అక్కడికి వెళ్లే విషయం 'పరిశీలనలో' ఉంది.

నేను వేసుకున్న ప్రణాళిక ఇది: మొదటి ఆరు వారాలు ఉపన్యాసాలు. సంస్కృతుల మధ్య తేడాలు, సహనిర్మాణ ఒప్పందాలు (రెండు దేశాలవాళ్లు కలిసి ఒక సినిమా నిర్మించడానికి రాసుకునేవి), యూరప్ నిధులు వగైరా. తర్వాత స్క్రిప్టు, చిత్రీకరణ, ఎడిటింగు. రాసుకున్నాక నాకే నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మూడో రీలు
జూన్ 9, రాత్రి 10:25

అమ్మా, ముప్పై ఏళ్లు ప్రొడక్షన్ మేనేజరుగా చేశాను. పాటల కోసం చాలా దేశాలు తిరిగాను. ముందు ఒకటి తేల్చుకోండి. మేము చేసింది సహనిర్మాణం కాదు. అక్కడొక లైన్ ప్రొడ్యూసరును మాట్లాడుకుంటాం. వ్యాన్లు, అనుమతులు, భోజనాలు అతను చూస్తాడు. మేము డబ్బు కట్టి, పాట తీసుకుని వచ్చేస్తాం. 'ఆర్ఆర్ఆర్'లో 'నాటు నాటు' పాటను 2021 ఆగస్టులో కీవ్‌లోని మరియిన్‌స్కీ భవనం ముందు తీశారు. ప్రపంచమంతా చూసింది. అయినా దాన్ని ఉక్రెయిన్‌తో కలిసి తీసిన సినిమా అనము కదా.

డబ్బిచ్చి పని చేయించుకోవడం మనవాళ్లకు బాగా వచ్చు. నిర్ణయాన్ని పంచుకోవడమే రాదు. ఈ తేడా పిల్లలకు మొదటి రోజే చెప్పండి. ఇక సంస్కృతుల మీద ఆరు వారాల ఉపన్యాసాలంటే నేనైతే రెండో వారానికే మానేసి ఇరానీ హోటల్లో కూర్చుంటాను.

వాల్తేరు వాన
జూన్ 10, ఉదయం 11:05

నేను జర్మనీలో ఎడిటింగు చేస్తున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో నన్ను దెబ్బతీసింది సంస్కృతి కాదు, మనకు బాగా తెలుసు అనుకున్న మాటలు.

'కాల్షీట్' చూడండి. మనకు కాల్షీట్ అంటే నటుడు ఇచ్చే తేదీలు. 'హీరో గారు ఇరవై రోజులు కాల్షీట్లు ఇచ్చారు' అంటాం. ఇక్కడ కాల్షీట్ అంటే ముందు రోజు సాయంత్రం అందరికీ పంపే కాగితం: రేపు ఎవరు ఎన్నింటికి రావాలి, ఏ సీన్లు, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడ, సూర్యాస్తమయం ఎప్పుడు. 'షెడ్యూల్' అంటే మనకు ఒక విడత చిత్రీకరణ. వీళ్లకు మొత్తం సినిమా ప్రణాళిక. మన 'ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్' రోజూ సెట్లో నిలబడి ఖర్చులు చూసే మనిషి. ఇక్కడ అదే పేరున్నవాడు చాలాసార్లు సెట్టు ముఖం కూడా చూడడు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది 'కో-డైరెక్టర్'. నాకు తెలిసిన ఒక అబ్బాయి తన పరిచయ పత్రంలో మూడు సినిమాలకు కో-డైరెక్టర్ అని నిజాయితీగా రాసుకున్నాడు. మన దగ్గర అది దర్శకత్వ శాఖలో అందరికన్నా సీనియర్ సహాయకుడి హోదా. ఇక్కడివాళ్లు దర్శకత్వాన్ని సగం పంచుకున్నాడని అర్థం చేసుకున్నారు. తర్వాత సినిమా టైటిల్స్ చూసి, అబద్ధం రాశాడని అనుకున్నారు. పాపం, వాడు ఎవరినీ మోసం చేయలేదు.

మీ ఆరు వారాల్లో ఒక్క పూట చాలు, నాగావళి గారూ. రెండు వైపుల పిల్లల చేత ఇరవై మాటలకు అర్థాలు రాయించి పక్కపక్కన పెట్టండి. తేడాలు వాళ్లకే కనిపిస్తాయి.

పత్రాలమ్మ
జూన్ 10, మధ్యాహ్నం 1:30

సినిమా ఒప్పందాలు రాసే న్యాయవాదిని. పైవారితో ఏకీభవిస్తాను గానీ, ఒప్పందాల పాఠం తీసేయకండి. చెప్పే పద్ధతి మార్చండి.

1992 నాటి యూరోపియన్ సహనిర్మాణ ఒడంబడికలో ఒక మార్కుల పట్టిక ఉంది. కథాచిత్రానికి మొత్తం 19. దర్శకుడికి 3, రచయితకు 3, మొదటి పాత్రధారికి 3, రెండో పాత్రకు 2, మూడో పాత్రకు 1. సంగీతం, ఛాయాగ్రహణం, శబ్దం, ఎడిటింగు, కళాదర్శకత్వం, చిత్రీకరణ స్థలం, పోస్ట్ ప్రొడక్షను ఒక్కొక్కటికి 1. ఒడంబడిక దేశాలవారి వల్ల 15 వస్తేనే అది యూరోపియన్ సినిమా కింద లెక్క. భారత్ అందులో లేదు. మనకు ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్, కెనడా వంటి దేశాలతో విడివిడిగా ఒప్పందాలున్నాయి. ఆస్ట్రేలియాతో 2023లో కుదిరింది. అయినా తరగతికి ఈ పట్టికే మంచి సాధనం.

నేను ఒక వర్క్‌షాపులో ఇలా చేశాను. పిల్లలకు ఒక ఊహాకథ ఇచ్చి మార్కులు వేయమన్నాను. ఒక జట్టుకు 14 వచ్చాయి. ఒక్క మార్కు కోసం ఎవరిని మార్చాలి? ఎడిటరునా, సౌండు మనిషినా? గది రెండుగా చీలిపోయింది. 'మా ఎడిటరే ఉండాలి' అని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఉన్నది ఊహా ఎడిటరైనా. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న విషయం సినిమా రూపాన్ని ఎలా మారుస్తుందో నేను రెండు గంటలు చెప్పినా అంతగా ఎక్కేది కాదు.

కొత్త క్లాప్
జూన్ 10, రాత్రి 8:15

నేను పోయినేడాది పీజీ పూర్తి చేశాను. ఇలాంటి ఉమ్మడి వర్క్‌షాపు ఒకటి నేనూ చేశాను (స్కూలు పేరు వద్దు). దాని గురించి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

విదేశం నుంచి వచ్చిన అబ్బాయి దర్శకుడు. నేను 'సహ దర్శకురాలిని' అన్నారు. కథ నాదే. లాడ్ బజారులో లక్క గాజులు చేసే ఒక పెద్దావిడను మూడు నెలల నుంచి కలుస్తున్నాను. ఆమె ఇంటి ముందు గదే కార్ఖానా. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, కర్రకు చుట్టి, సాగదీసి, గాజుగా వంచేలోపు అది గట్టిపడకూడదు. రాళ్లు అద్దే పని ఆమె కూతురిది.

చిత్రీకరణ రోజు ఆ అబ్బాయి ఇంగ్లీషులో అడుగుతాడు, నేను ఉర్దూలో అడగాలి, ఆమె జవాబును మళ్లీ ఇంగ్లీషులో చెప్పాలి. 'ఈ పని ఆమెకు ఏ అనుభూతినిస్తుంది' అని అడగమన్నాడు. అనుభూతి అన్న మాటను ఆమెతో ఎలా అనాలో నాకు తెలియలేదు. 'మీకు ఈ పని ఇష్టమేనా' అని అడిగాను. ఆమె రెండు నిమిషాలు మాట్లాడింది. బొగ్గు ధర, అల్లుడి ఆటో, కంటి ఆపరేషను, మధ్యలో ఒక నవ్వు. అతను నా వైపు చూస్తున్నాడు. నేను 'కష్టంగానే ఉందట' అన్నాను. అతను తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు.

సినిమాలో ఆమె కష్టంగా ఉన్న మనిషి అయిపోయింది. నవ్వు తీసేశారు. టైటిల్స్‌లో నా పేరు 'స్థానిక సహాయం' కింద ఉంది. తప్పు ఎవరిదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఒక్క వాక్యం నేనే కదా చెప్పింది.

మూడో రీలు
జూన్ 10, రాత్రి 8:50

తల్లీ, ఆ టైటిల్ సంగతి మాత్రం నీ తప్పు కాదు. కథ తెచ్చినవాళ్ల పేరు ఎక్కడ పడాలో షూటింగుకు ముందే కాగితం మీద పెట్టాలి. అదొక్కటి నాకు గట్టిగా తెలుసు.

బుడాపెస్టు బాటసారి
జూన్ 10, రాత్రి 11:30

కొత్త క్లాప్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను అవతలి వైపు నుంచి చెబుతాను.

డాక్‌నోమాడ్స్ అని 2012 నుంచి నడుస్తున్న ఉమ్మడి మాస్టర్స్ కోర్సు ఉంది. లిస్బన్, బుడాపెస్టు, బ్రసెల్స్ నగరాల్లోని మూడు స్కూళ్లు కలిసి డాక్యుమెంటరీ నేర్పుతాయి. విద్యార్థులు సెమిస్టరుకో నగరం మారతారు. అలాంటి కోర్సుల్లో ఒకటి నేనూ చదివాను. ఏ ఊరిలోనూ భాష రాదు. అయినా సినిమా తీయాలి.

బుడాపెస్టులో ఒక ముసలావిడ ఇంట్లో నలభై నిమిషాలు తీశాను. అనువాదకురాలు ఆ రోజు రాలేదు. భాష లేకపోయినా ముఖం చాలు అనుకున్నాను. ఆవిడ వంటింట్లో తిరుగుతూ, నా వైపు చూస్తూ, ఏదో ఆవేదనగా చెబుతూనే ఉంది. యుద్ధం గురించో, పోయిన భర్త గురించో అనుకుని ముఖం మీద మెల్లగా దగ్గరికి వెళ్లాను. మూడు రోజుల తర్వాత అనువాదం వచ్చింది. నలభై నిమిషాలూ ఆవిడ అన్నది ఒకటే: 'నేల చల్లగా ఉంది, ఆ చెప్పులు తొడుక్కో నాయనా.' మన అలవాటు ప్రకారం నేను బూట్లు గుమ్మం దగ్గర విప్పాను. అక్కడ బూట్లు విప్పాక ఇంటివాళ్లు ఇచ్చే మెత్తటి చెప్పులు తొడుక్కోవాలి. ఆవిడ వాటిని నా కాళ్ల దగ్గర పెట్టింది కూడా. ఫ్రేములో కనిపిస్తోంది. నేను చూసుకోలేదు.

మా మాస్టారు ఆ రషెస్ (ఎడిట్ చేయని ముడి ఫుటేజి) తరగతిలో వేసి ఏమీ అనలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాతి సినిమాకు అనువాదకురాలు లేకుండా కెమెరా బయటికి తీయలేదు.

నాగావళి గారికి నా సలహా ఒకటే. వాళ్లు హైదరాబాదు వచ్చి తీయడం, మీ పిల్లలు దారి చూపించడం అనే ఏర్పాటును ఎలాగైనా మార్చండి. రెండు వారాలు వాళ్లు ఇక్కడికి వస్తారు, మనవాళ్లు మాత్రం 'పరిశీలనలో'. అంటే దర్శకులు ఎవరో, సహాయకులు ఎవరో మొదటి రోజే తేలిపోయింది.

తటాకం
జూన్ 11, ఉదయం 7:20

కొంచెం ఎదురు చెబుతాను, కోపం వద్దు. ప్రతిదాన్నీ పెద్దన్న, చిన్నన్న లెక్కలో చూడటం అవసరమా? బీజింగ్ నార్మల్ యూనివర్సిటీ 2011 నుంచి ఒక కార్యక్రమం నడుపుతోంది. విదేశీ విద్యార్థులను పిలిచి, చైనా మీద పది నిమిషాల డాక్యుమెంటరీలు తీయిస్తుంది. అక్కడి విద్యార్థులు జంటగా పనిచేస్తారు. బయటివాడి కన్ను వేరుగా చూస్తుంది. మన చార్మినారును మనం చూడటం ఎప్పుడో మానేశాం.

బుడాపెస్టు బాటసారి
జూన్ 11, ఉదయం 9:00

మీరు చెప్పిన కార్యక్రమంలో ఎవరు అతిథో, ఎవరు ఆతిథేయో, ఎవరి సినిమానో ముందే చెబుతారు. అది నిజాయితీ. దాన్ని 'ఉమ్మడి' అని పిలిచినప్పుడే నా పేచీ.

తటాకం
జూన్ 11, ఉదయం 9:10

పేరులో ఏముంది?

వాల్తేరు వాన
జూన్ 11, ఉదయం 9:45

పేరులో చాలా ఉంది. పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' 2024లో కాన్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ తెచ్చుకుంది. దర్శకురాలు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవారు. మాటలు ఎక్కువగా మలయాళం, హిందీ. కథ ముంబయిది. నిర్మాణంలో ఫ్రాన్స్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఇటలీ ఉన్నాయి. ఆ ఏడాది ఆస్కార్ ఎంట్రీ కోసం ఫ్రాన్స్ ఎంచుకున్న చిన్న జాబితాలో ఈ సినిమా ఉంది. భారత్ మాత్రం వేరే సినిమాను పంపింది. ఇది భారతదేశంలో జరుగుతున్న యూరోపియన్ సినిమాలా ఉందని భారత జ్యూరీ అభిప్రాయపడినట్టు వార్తలు వచ్చాయి. ఈ ఒక్క ఉదాహరణ తరగతిలో పెట్టండి, మూడు గంటలు మీరు నోరు తెరవక్కర్లేదు.

పర్యవేక్షకుడు
జూన్ 11, ఉదయం 10:00

చర్చ కోర్సు మీదే ఉండనివ్వండి. ఆస్కార్ ఎంట్రీల మీద ఈ వేదికలో ఇప్పటికే నాలుగు చర్చలున్నాయి, నాలుగూ తాళం వేసినవే.

బూమ్ మనిషి
జూన్ 11, సాయంత్రం 6:40

మీరందరూ మనసుల గురించి మాట్లాడుతున్నారు. నేను ఫ్రేముల గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఉమ్మడి ప్రాజెక్టులు నేను చూసినంతలో చెడేది అక్కడే.

అటువాళ్లు టీవీ అలవాటుతో సెకనుకు 25 ఫ్రేములు పెడతారు. మనవాళ్లు 24. కొన్ని కెమెరాల్లో 24 అని కనిపించేది నిజానికి 23.976. ఇటు నుంచి 24లో తీసిన పది నిమిషాల టేకును అటువాళ్లు 25 ప్రాజెక్టులో ఫ్రేముకు ఫ్రేము పరిచారనుకోండి, బొమ్మ 9 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. శబ్దం మాత్రం పది నిమిషాలూ ఉంటుంది. ఇది వెంటనే దొరికిపోతుంది. 23.976ను 24లో పరిస్తే పది నిమిషాలకు 0.6 సెకను, అంటే దాదాపు 14 ఫ్రేములు జారుతుంది. మొదటి నిమిషంలో ఎవరికీ తెలియదు. చివరికి వచ్చేసరికి పెదవులు ఒకటి, మాట ఒకటి. అప్పుడు ఇటువాళ్లు అటువాళ్లను, అటువాళ్లు ఇటువాళ్లను అంటారు. అది సంస్కృతుల సంఘర్షణ కాదండీ, ఎవరూ సెట్టింగు రాసిపెట్టుకోకపోవడం.

ఇంకొకటి. ఇక్కడా అక్కడా కరెంటు 50 హెర్ట్‌జే. 24 ఫ్రేముల్లో, 180 డిగ్రీల షట్టరుతో (ప్రతి ఫ్రేములో సగం సమయం వెలుగు లోపలికి వచ్చే సెట్టింగు) ట్యూబులైటు కింద తీస్తే వెలుగు కొట్టుకుంటుంది. 172.8 డిగ్రీలకు మారిస్తే ఆగుతుంది. ఈ అంకెను మీ పిల్లల చేత పదిసార్లు రాయించండి.

సింక్ సౌండు సంగతి మరిచాను. డబ్బింగులో చూసుకుందాం అనే మాట మనకు ఊపిరితో సమానం. యూరప్ స్కూళ్లలో సెట్ మీది శబ్దమే సినిమా శబ్దం. మనవాళ్లు టేకు నడుస్తుండగా నటుడికి డైలాగు అందిస్తారు, వాళ్ల సౌండు రికార్డిస్టు హెడ్‌ఫోన్లు తీసి నివ్వెరపోతాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయడం లేదు. రెండు వేర్వేరు సినిమాలు తీస్తున్నారు, అంతే.

నాగావళి
జూన్ 11, రాత్రి 10:10

ఇంత వస్తుందనుకోలేదు. కొత్త క్లాప్ గారూ, మీ అనుభవం చదివి నా ప్రణాళిక ఎందుకు నచ్చలేదో తెలిసింది. అందులో అన్నీ ఉన్నాయి, ఎవరు ఏది నిర్ణయిస్తారన్నది తప్ప.

ఒక ఆచరణ సమస్య. విశ్వవిద్యాలయ నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి విడిగా మార్కులు వేయాలి. అటు స్కూలు వాళ్ల పిల్లలకు వాళ్లే వేసుకుంటారట. ఇలా అయితే ఎవరి మార్కులు వాళ్లు కాపాడుకుంటారు కదా?

వాల్తేరు వాన
జూన్ 12, ఉదయం 10:30

కాపాడుకుంటారు, తప్పకుండా. నేను చదివిన చోట ఉపాయం ఇది: సినిమాకు మార్కులు తక్కువ, పని డైరీకి ఎక్కువ. డైరీలో ప్రతి వారం రెండు ప్రశ్నలే. 'ఈ వారం నువ్వు ఏది వదులుకున్నావు? ఎవరి మాట మీద?' ఏమీ వదులుకోలేదని వరసగా మూడు వారాలు రాసినవాణ్ణి మాస్టారు పిలిచి టీ ఇప్పించేవారు. ఆ టీ అంటే మాకు భయం.

పత్రాలమ్మ
జూన్ 12, మధ్యాహ్నం 12:00

దానికి తోడు, జట్టుకొక పేజీ ఒప్పందం. న్యాయభాష వద్దు. ఆఖరి కట్ (ఎడిటింగులో తుది నిర్ణయం) ఎవరిది, అభిప్రాయం కుదరకపోతే ఎవరు తేలుస్తారు, పేర్లు ఏ వరుసలో, సినిమా పండుగలకు ఎవరు పంపుతారు, ముడి ఫుటేజి ఎవరి దగ్గర ఉంటుంది. కెమెరా ముందుకు వచ్చే మనుషుల సమ్మతి పత్రం వాళ్ల భాషలోనే ఉండాలి. గాజులావిడ ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేస్తే దాన్ని సమ్మతి అని నేను అనను.

ఇక విదేశీ విద్యార్థులు కెమెరాలతో రెండు వారాలు వస్తున్నారంటే పర్యాటక వీసా మీద రప్పించకండి. ముందే రాసి అడగండి. డ్రోను మాత్రం తేవద్దని చెప్పండి, 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది.

మూడో రీలు
జూన్ 12, మధ్యాహ్నం 12:40

సామాను మాట వచ్చింది కాబట్టి. మనవాళ్లు కెమెరాలు పట్టుకుని అక్కడికి వెళ్లే రోజు వస్తే ఏటీఏ కార్నే తీసుకోవాలి, అంటే సామాను సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి తెచ్చుకునే కస్టమ్స్ పత్రం. మన దగ్గర దాన్ని వ్యాపార సంస్థల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. ప్రతి లెన్సు సీరియల్ నంబరూ అందులో ఉంటుంది. తీసుకెళ్లినవి అన్నీ తిరిగి రావాలి. ఒక లెన్సు మూత గురించి నేను విమానాశ్రయంలో గంటన్నర నిలబడ్డాను, చెబితే ఎవరూ నమ్మరు. బ్యాటరీలు చేతి సంచిలోనే. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. అందుకే పెద్ద బ్యాటరీల మీద 98 అని రాసి ఉంటుంది. పిల్లలను అది ఎందుకో అడిగి చూడండి.

కొత్త క్లాప్
జూన్ 12, రాత్రి 9:00

బాబాయి గారూ, ఆ 98 ఎందుకో నాకు ఇవాళే తెలిసింది. రెండేళ్లు వాటిని మోశాను!

నాగావళి గారూ, నాదొక కోరిక. అనువాదం చేసేవాళ్లను దయచేసి అక్కడికక్కడ చెప్పమనకండి. ఆ మనిషిని పూర్తిగా మాట్లాడనివ్వండి. రాత్రికి కూర్చుని మొత్తం రాసి అనువదించే సమయం షెడ్యూల్‌లో (అటువాళ్ల అర్థంలో షెడ్యూల్) పెట్టండి. ఒక గంట మాటకు నాకు ఆరు గంటలు పట్టింది. ఆ పని ఎవరి లెక్కలోనూ లేదు.

బుడాపెస్టు బాటసారి
జూన్ 12, రాత్రి 10:15

దీనికి నా ఓటు. ఇంకో మాట. నాలుగు సినిమాలు ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు చిన్న మార్పిడి చేయించండి. మీ పిల్లలు మూడు నిమిషాల సినిమాకు సరిపడా రషెస్ తీసి అటు పంపాలి, వాళ్లు ఎడిట్ చేయాలి. వాళ్లు తీసినవి మీరు కట్ చేయాలి. మధ్యలో ఫోన్లు వద్దు, ఉత్తరాలే. పాడైపోయినా పోయేది మూడు నిమిషాలే.

బూమ్ మనిషి
జూన్ 12, రాత్రి 10:30

ఫుటేజి పంపేటప్పుడు చూసుకోండి. ప్రోరెస్ హెచ్‌క్యూ (ఎడిటింగుకు వాడే నాణ్యమైన, బరువైన వీడియో ఫార్మాట్) అయితే హెచ్‌డీలోనే గంటకు దాదాపు 80 జీబీ. మీ స్కూలు నెట్ సెకనుకు 20 మెగాబిట్లతో ఎక్కిస్తుందనుకుంటే తొమ్మిది గంటలు. రాత్రి కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. ప్రాక్సీలు, అంటే అదే ఫుటేజికి తేలికైన చిన్న కాపీలు, పంపండి.

మూడో రీలు
జూన్ 12, రాత్రి 11:00

ఇంకా ఒకటి. మనవాళ్లు కథ చెబుతారు. చేతులు ఊపి, నేపథ్య సంగీతం నోటితో వాయించి, ఇంటర్వెల్ దగ్గర ఆగి నీళ్లు తాగి మరీ చెబుతారు. అటువాళ్లు కాగితం అడుగుతారు. నోటితో అద్భుతంగా చెప్పే కుర్రాడు కాగితం దగ్గర మూగబోతాడు. వాణ్ణి మొద్దు అనుకోకండి. ఒక వారం అటువాళ్లను కూడా కాగితం లేకుండా కథ చెప్పమనండి. చూద్దాం.

నాగావళి
జూలై 3, రాత్రి 9:55

మూడు వారాలు కనిపించకపోయినందుకు క్షమించండి. ఆరు వారాల ఉపన్యాసాలు తీసేశాను. సెమిస్టరుకు ముందే నలుగురితో బాటసారి గారు చెప్పిన మార్పిడి చేసి చూశాం. అటు నుంచి ముగ్గురు.

మాటల పట్టికకు ఒక పూట అనుకున్నాం, రెండు పూటలు పట్టింది. 'కో-డైరెక్టర్' దగ్గర మీరు చెప్పినట్టే జరిగింది. మేము ఊహించనిది 'అయిపోయింది' అన్న మాట. మా పిల్లలకు షూటింగు చివర గుమ్మడికాయ కొడితే అయిపోయినట్టు. అటువాళ్లకు శబ్దం మిక్సింగు ముగిసి, కాపీ బయటికి వస్తే గానీ కాదు. గుమ్మడికాయ ఎందుకని అడిగారు, మావాడు దిష్టి అనే మాటను ఇంగ్లీషులో వివరించడానికి పావుగంట పోరాడాడు. బాబాయి గారు చెప్పిన నోటి కథల వారం ఇంకా పెట్టలేదు, సెమిస్టరులో పెడతాను.

మా పిల్లలు సికింద్రాబాదులో ఒక ఇరానీ హోటలు తీశారు. పొద్దున నాలుగున్నరకు డికాక్షను పెట్టే మనిషి, అతని మాటలు, కప్పుల చప్పుడు. మొత్తం పదకొండు నిమిషాల రషెస్. సెట్టింగులన్నీ రాసి పంపాం, బూమ్ మనిషి గారికి దండం.

తిరిగి వచ్చిన కట్‌లో ఆ మనిషి ఒక్క మాట కూడా లేదు. చెంచా శబ్దం, ఆవిరి, ఖాళీ బల్లలు. చూడటానికి అందంగానే ఉంది. తీసిన అబ్బాయి మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ మనిషి కొడుకు గురించి చెప్పిన ఒక మాట కోసమే నాలుగు రోజులు అక్కడ కూర్చున్నాడట. రాత్రి మూడు పేజీల ఉత్తరం రాసి, పంపకుండా నాకు చూపించాడు. పంపమనాలా?

పత్రాలమ్మ
జూలై 3, రాత్రి 10:20

పంపమనండి. మూడు పేజీలను ఒక పేజీ చేయించి.

వాల్తేరు వాన
జూలై 3, రాత్రి 10:35

ఎడిటరు వైపు నుంచి అడుగుతున్నాను. ఆ మాట అటువాళ్లకు వినిపించిందా?

మూడో రీలు
జూలై 3, రాత్రి 10:50

నా మాట వినండి, మూడు పేజీలూ పంపనివ్వండి. కోపం కూడా పనిలో భాగమే. మా రోజుల్లో కెమెరా స్టాండు విసిరేసేవాళ్లు.

నాగావళి
జూలై 5, సాయంత్రం 7:15

ఒక పేజీ చేసి పంపాడు. జవాబు మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చింది, వాళ్లకు అప్పుడు ఉదయం. కట్ చేసిన అమ్మాయి రాసింది నాలుగు వాక్యాలే. అతను ఏదో ముఖ్యమైనది చెబుతున్నాడని అతని చెయ్యి కప్పు మీద ఆగిపోవడం చూసి తెలిసిందట. ఏమి చెబుతున్నాడో తెలియక, తప్పు చోట కోయడం కన్నా మొత్తం తీసేయడమే మర్యాద అనుకుందట. రషెస్‌తో పాటు అనువాదం వస్తుందని రెండు రోజులు ఎదురుచూసిందట.

మా ఫోల్డరు తెరిచి చూశాను. ఫ్రేముల సంఖ్య ఉంది, షట్టరు ఉంది, మైకు పేరు ఉంది. మాటల కాగితం లేదు. ఆ పేజీ ఒప్పందంలో అనువాదం ఎవరి పని అని ఒక గీత ఖాళీగా ఉంది. రెండు వైపులా సంతకాలున్నాయి.

అబ్బాయి ఇప్పుడు పక్క గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పదకొండు నిమిషాలు రాస్తున్నాడు. ఏడో నిమిషం దగ్గర ఉన్నాడు. కొత్త క్లాప్ గారూ, గంట మాటకు ఆరు గంటలని మీరు చెప్పింది వాడికి చెప్పాను. ఇంకా ఎక్కువే పడుతోందంటున్నాడు.